గరాజ్ సేల్‌లో దొరికిన గుర్రం బొమ్మ: కరియర్ అండ్ ఐవ్స్ ట్రాటింగ్ ప్రింట్ల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

బాటసారి_ఎన్జే

అందరికీ నమస్కారం. పోయిన శనివారం మా వీధి చివర గరాజ్ సేల్‌లో పది డాలర్లకి ఒక పాత ఫ్రేము కొన్నాను. నాకు కావాల్సింది ఫ్రేమే, కానీ ఇంటికొచ్చి అద్దం తుడిచాక లోపలి బొమ్మ మీంచి కళ్ళు తిప్పుకోలేకపోతున్నాను. ఒకే ఒక గుర్రం, ముదురు గోధుమ రంగు. వెనక పెద్ద పెద్ద చక్రాలు రెండు, వాటి మధ్య రెండు కర్రలు, చిన్న పీట, అంతే, దాన్ని బండి అనడానికి కూడా లేదు. ఆ పీట మీద ఒకతను కాళ్ళు బారచాపుకుని, పగ్గాలు రెండు చేతులా బిగబట్టి, వెనక్కి వాలి కూర్చున్నాడు. గుర్రం నాలుగు కాళ్ళూ నేలకి తగలకుండా ఉన్నాయి. కింద అక్షరాలు మౌంట్ అట్ట వెనక సగం దాగిపోయాయి, కనిపించినంత వరకు "కరియర్ అండ్ ఐవ్స్, 152 నాస్సా స్ట్రీట్, న్యూయార్క్" అని ఉంది. అది 19వ శతాబ్దంలో బొమ్మలు అచ్చు వేసి అమ్మిన కంపెనీ అని మాత్రం తెలిసింది.

నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. ఆయన చిన్నప్పుడు మా తాతయ్య గుడివాడలో జట్కా తోలేవారు. నాన్న ఒక్క క్షణం చూసి, "అమ్మాయ్, ఇది దౌడు కాదు, జట్కా గుర్రం నడక. పందెం అంటున్నావు, మరి దౌడు తీయించకుండా వాడెందుకు అలా బిగబట్టాడు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఈ బొమ్మ ఏంటి, ఈ గుర్రం ఏది, ఇది అసలుదా నకలా, దయచేసి చెప్పండి.

పశువైద్యం_తెనాలి

మీ నాన్నగారి కన్నుకి దండం పెట్టాలండి. ఆయన పట్టుకున్నదే ఈ ట్రాటింగ్ పందెం మొత్తానికి కీలకం.

అది ట్రాట్. ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒకేసారి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి, తర్వాత రెండో జత. అంటే ఐమూలగా ఉన్న కాళ్ళు జతలు. అందుకే చప్పుడు రెండు దెబ్బలుగా వినిపిస్తుంది, టక్ టక్, టక్ టక్. జట్కా ఎక్కినవాళ్ళకి ఆ చప్పుడు చెవిలో ఉండే ఉంటుంది. దౌడులో అయితే నాలుగు గిట్టలూ వేరువేరుగా పడతాయి. ఒకే పక్కన ఉన్న కాళ్ళు రెండూ కలిసి కదిలేది ఇంకో నడక, దాన్ని పేస్ అంటారు, ఆ గుర్రాలకీ వేరుగా పందేలు ఉన్నాయి. గుర్రం నడకల్ని ఇలా విడివిడిగా చూడటం మనకేం కొత్త కాదు. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అమరకోశంలో ఐదు ధారలు చెప్పారు కదా.

ఇక నాన్నగారి ప్రశ్న. ఈ పందెంలో గుర్రం ట్రాట్ తప్పకూడదు. వేగం పెరిగేకొద్దీ దానికి దౌడులోకి దూకెయ్యాలని ఉంటుంది, అది దాని స్వభావం. అలా దూకిందంటే తోలేవాడు వెంటనే లాగి మళ్ళీ ట్రాట్‌లోకి తేవాలి, ఈలోపు పక్కబండి ముందుకెళ్ళిపోతుంది. దౌడు వల్ల ముందుకొస్తే ఆ లాభం చెల్లదు, దండన కూడా పడుతుంది. కాబట్టి ఆ మనిషి గుర్రాన్ని ఆపడానికి పగ్గాలు లాగడం లేదు. దాని నోటికీ తన చేతికీ మధ్య ఒక బిగువు నిలబెడుతున్నాడు. ఆ బిగువు మీద ఆనుకునే గుర్రం తన నడక నిలుపుకుంటుంది. మీ బొమ్మ గీసినవాడు ఈ సంగతి బాగా తెలిసినవాడు, లేకపోతే ఆ చేతుల్ని అలా గీయలేడు.

కెమెరా_కన్ను

నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్నాయంటున్నారు. ఆ కాలం గుర్రం బొమ్మలన్నీ అంతే కదా, ముందు కాళ్ళు ముందుకి, వెనక కాళ్ళు వెనక్కి చాపి, పొట్ట నేలకి ఆనేలా, పక్షిలా ఎగురుతున్నట్టు గీసేవాళ్ళు. ఫోటోలు వచ్చాక అదంతా తప్పని తేలిపోయింది. వాటిని చూసి నడక గురించి నిర్ణయాలు చేయడం సరికాదని నా అభిప్రాయం.

పశువైద్యం_తెనాలి

దౌడు బొమ్మల విషయంలో మీరన్నది నిజం. ట్రాట్ బొమ్మల్లో కాదు. ట్రాట్‌లో ఒక జత లేచి రెండో జత దిగే ముందు, నాలుగు కాళ్ళూ నిజంగానే గాల్లో ఉండే క్షణం ఒకటి వస్తుంది. దాన్ని చూపించిందే మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలు. కాలిఫోర్నియాలో లీలాండ్ స్టాన్‌ఫర్డ్ అనే ధనవంతుడికి ఆక్సిడెంట్ (పడమర అని అర్థం, ప్రమాదం కాదు) అనే ట్రాటర్ ఉండేది, 1872లో మైబ్రిడ్జ్ మొదలుపెట్టింది దానితోనే. 1878 జూన్‌లో పాలో ఆల్టోలో పత్రికలవాళ్ళని పిలిచి, వరసగా 12 కెమెరాలు పెట్టి తీసినప్పుడు కూడా ముందు తీసింది ట్రాటర్‌నే. ఏబ్ ఎడ్జింగ్టన్ అని దాని పేరు, సల్కీకి, అంటే మీ బొమ్మలో ఉన్నలాంటి రెండు చక్రాల బండికి, కట్టి తోలారు. అందరికీ గుర్తున్న దౌడు గుర్రం శాలీ గార్డ్‌నర్ ఆ తర్వాత వచ్చింది. దౌడులో కాళ్ళన్నీ గాల్లో ఉండేది అవి చాపుకున్నప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు అని అప్పుడు తేలింది. అంటే దౌడు బొమ్మలు గీసినవాళ్ళు తప్పు, ట్రాట్ బొమ్మలు గీసినవాళ్ళు ఒప్పు. అడుగు సాగదీసి, కాస్త పెంచి గీశారేమో గానీ కాళ్ళ జతలు మాత్రం సరిగ్గా పెట్టారు.

ఆక్సిడెంట్ మీద కరియర్ అండ్ ఐవ్స్ 1873లోనే ఒక ప్రింటు వేసింది, కాలిఫోర్నియా అద్భుతం అని పేరు పెట్టి. న్యూయార్క్‌లో కూర్చుని దేశం అవతలి ఒడ్డున ఉన్న గుర్రాన్ని అమ్మారంటే, ఈ గుర్రాలకి ఎంత గిరాకీ ఉండేదో చూడండి.

కెమెరా_కన్ను

ఒప్పుకుంటున్నాను. ముందు తీసింది ట్రాటర్‌ని అన్న సంగతి నాకు తెలియదు, ఇన్నాళ్ళూ శాలీ గార్డ్‌నరే మొదటిది అనుకుంటున్నా.

చరిత్ర_పిచ్చి

అసలు ఈ పందెం అమెరికాలో ఎందుకు అంత పట్టుకుందో చెప్పకపోతే ఈ బొమ్మలు అర్థం కావు.

దౌడు పందెం గుర్రం డబ్బున్నవాళ్ళది. దాన్ని పందెం కోసమే పెంచాలి, దానికి వేరే పని ఉండదు. ట్రాటర్ అలా కాదు. రోజూ బండికి కట్టే గుర్రం అదే, పాలవాడిదీ, కసాయివాడిదీ, డాక్టర్‌దీ. 19వ శతాబ్దం మొదట్లో న్యూయార్క్ చుట్టుపక్కల రోడ్లు బాగుపడ్డాయి, తేలికపాటి బగ్గీలు వచ్చాయి, సాయంత్రం పని అయ్యాక రోడ్డు మీద ఎవరి గుర్రం ముందో చూసుకోవడం మొదలైంది. 1802లో న్యూయార్క్ రాష్ట్రం గుర్రప్పందేల మీద నిషేధం తెచ్చింది, మతనిష్ఠ ఉన్నవాళ్ళకి కూడా దౌడు పందెం అంటే పడదు. బండి తోలుకోవడం మాత్రం ఎవరి కంటికీ తప్పుగా కనపడలేదు.

ఈ గుర్రాల్లో నాకు బాగా ఇష్టమైనది లేడీ సఫోక్. 1833లో లాంగ్ ఐలాండ్‌లో పుట్టిన బూడిదరంగు ఆడగుర్రం. మొదట్లో సరుకు బండి లాగింది. డేవిడ్ బ్రయన్ అనే అతను దాన్ని తక్కువ ధరకి కొని ఏళ్ళ తరబడి పందేలకి తిప్పాడు. 1845లో హోబోకెన్‌లోని బీకన్ కోర్స్ అనే ట్రాక్‌లో మైలు దూరం 2:29½లో, అంటే 2 నిమిషాల 29½ సెకన్లలో, పూర్తి చేసింది. రెండున్నర నిమిషాల లోపు మైలు ట్రాట్ చేసిన మొదటి గుర్రం అదే. తర్వాత 1859లో మిషిగన్ రాష్ట్రం కలమజూలో ఫ్లోరా టెంపుల్ అనే పొట్టి తోక గుర్రం 2:19¾ చేసింది. 1867లో డెక్స్‌టర్ 2:17¼, 1874లో గోల్డ్‌స్మిత్ మెయిడ్ 2:14, 1885లో మాడ్ ఎస్. 2:08¾. మనకి సచిన్ సెంచరీల లెక్క ఎలా నోటికొచ్చో, అప్పటివాళ్ళకి ఈ అంకెలు అలా.

నేను ఈ ప్రింట్ల గురించి ఎప్పుడూ చెప్పేది ఒకటే, బొమ్మతో పాటు కింది అక్షరాలు కూడా చదవండి. గుర్రం పేరు, దాని తండ్రి పేరు, యజమాని, తోలినవాడు, ఊరు, తేదీ, ఏ హీట్‌లో, అంటే ఏ విడత పరుగులో, ఎంత టైము, పావు సెకనుతో సహా. ఒకే రోజు అదే గుర్రాలు మైలు చొప్పున మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదుసార్లు కూడా తలపడేవి, ఐదింట్లో మూడు గెలిచినదే విజేత. ఆ టైములన్నీ కింద వరసగా ఉంటాయి. పత్రికల్లో ఫోటోలు అచ్చయ్యే రోజులు ఇంకా రాలేదు. పందెం చూడని మనిషి ఆ ప్రింటు కొని, గోడకి తగిలించుకుని, వచ్చినవాళ్ళకి ఆ అంకెలు చూపించి వాదించేవాడు. బార్లలో, గుర్రపుశాలల్లో, మంగలి షాపుల్లో ఇవి వేలాడేది అందుకే. మీ ఫ్రేములో అట్ట వెనక దాగిపోయిన భాగమే దాని ప్రాణం. దయచేసి ఆ అట్ట తీసి చూడండి.

రాయిముద్ర

అట్ట తీసేటప్పుడు జాగ్రత్త అక్కా. పాత కాగితం మౌంట్‌కి జిగురుతో అంటి ఉంటే లాగొద్దు, చిరిగిపోతుంది. అంటుకోకుండా ఉంటేనే మెల్లగా ఎత్తి చూడండి.

నేను విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్‌లో 22 ఏళ్ళు పనిచేశాను, మా గురువుగారు రాతి అచ్చు రోజులు చూసినవారు. ఇది అసలుదో కాదో తెలుసుకోవడానికి మొదటి పరీక్ష చెబుతాను. పదింతలు చూపించే భూతద్దం తీసుకోండి. గుర్రం మెడ మీద నీడ ఉన్నచోట చూడండి. చుక్కలు వరసలో, గళ్ళ కాగితంలా, ఒకే ఎడంతో ఉంటే అది తర్వాతి కాలం ఆఫ్‌సెట్ నకలు. 20వ శతాబ్దంలో ఇన్సూరెన్స్ కంపెనీల క్యాలెండర్లలో ఈ బొమ్మలు లెక్కలేనన్ని అచ్చయ్యాయి, అవి కత్తిరించి ఫ్రేము కట్టినవి చాలా తిరుగుతున్నాయి. అలా కాకుండా ఇసుక చల్లినట్టు, సుద్దముక్కతో గరుకు గోడ మీద రాసినట్టు, ఎక్కడా వరస లేని గింజలు కనిపిస్తే అది రాతి అచ్చు.

ఆ గింజ ఎలా వస్తుందంటే, బవేరియా నుంచి తెచ్చిన సున్నపురాయి పలకని ఇసుకతో రుద్ది సన్నగా గరుకు చేస్తారు. దాని మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీస్తారు, ఎడమ కుడి తారుమారుగా. అద్దంలో చూసినట్టు గీయాలి, అక్షరాలు కూడా తిరగేసి రాయాలి. తర్వాత రాయిని తడిపితే నీళ్ళు ఖాళీ చోట నిలుస్తాయి, జిడ్డు ఉన్నచోట నిలవవు. సిరా రోలర్ తిప్పితే సిరా జిడ్డుకే అంటుతుంది. కాగితం పెట్టి చేతి ప్రెస్‌లో నొక్కుతారు. నల్ల సిరా ఒక్కటే. రంగులు ఆ తర్వాత చేత్తో వేస్తారు.

రెండో పరీక్ష రంగుది. ఆకుపచ్చ గడ్డి రంగు గుర్రం డెక్క మీదికి కాస్త జారిందా? ఆకాశం నీలం చెట్టు అంచు దాటి లోపలికి వచ్చిందా? అలా ఉంటే సంతోషించండి, అది మనిషి చెయ్యి.

బాటసారి_ఎన్జే

భూతద్దం ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుంది. ఈలోపు అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరైనా చెబుతారనుకోలేదు. రాయిముద్ర గారూ, ఆ రంగులు వేసింది ఎవరు, గీసినవాళ్ళేనా?

రాయిముద్ర

కాదక్కా. గీసేవాళ్ళు వేరు, రాయి మీదికి ఎక్కించేవాళ్ళు వేరు, రంగులవాళ్ళు వేరు. కరియర్ అండ్ ఐవ్స్ కార్ఖానా స్ప్రూస్ స్ట్రీట్‌లో ఉండేది. అక్కడ పొడుగాటి బల్ల దగ్గర ఆడవాళ్ళు వరసగా కూర్చునేవారు, చాలామంది జర్మనీ నుంచి వలస వచ్చిన అమ్మాయిలు. ఎదురుగా రంగులేసిన నమూనా ఒకటి నిలబెట్టి ఉంటుంది. ఒకామె నీలం ఒక్కటే వేసి పక్కకి జరుపుతుంది, పక్కామె ఆకుపచ్చ వేస్తుంది, ఆ పక్కామె గోధుమరంగు. చివర ఒకామె మొత్తం చూసి సరిదిద్దుతుంది. పెద్ద సైజువి బయట ఇళ్ళ దగ్గర రంగులేసేవాళ్ళకి కూడా ఇచ్చేవారు.

నథానియల్ కరియర్ పేరు, జేమ్స్ ఐవ్స్ పేరు ప్రతి కాగితం మీదా ఉంటాయి. లూయీ మారర్, థామస్ వర్త్, జాన్ కామెరాన్ లాంటి చిత్రకారుల పేర్లు కొన్నిటి మీద ఉంటాయి. ఆ బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ పేరు ఒక్కటి కూడా ఏ ప్రింటు మీదా లేదు. గుర్రం వంటి మీద ఆ నిగనిగ తెచ్చింది వాళ్ళే. నాకు ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా బాధగా ఉంటుంది. మా ప్రెస్‌లో కూడా బైండింగ్ అమ్మాయిల పేర్లు ఎప్పుడూ ఏ పుస్తకంలో వేయలేదు.

చరిత్ర_పిచ్చి

కంపెనీ గురించి రెండు ముక్కలు. కరియర్ 1830ల మధ్యలో న్యూయార్క్‌లో సొంతంగా మొదలుపెట్టాడు. 1840లో లెక్సింగ్టన్ అనే స్టీమర్ కాలిపోయిన ఘటన మీద వేసిన బొమ్మతో పేరొచ్చింది. ఐవ్స్ 1852లో లెక్కలు రాయడానికి చేరి 1857లో భాగస్వామి అయ్యాడు. 1907లో మూసేసేలోపు 7,000కి పైగా బొమ్మలు వేశారు. చిన్న సైజు పావు డాలర్ లోపు, పెద్దవి ఒకటి నుంచి మూడు డాలర్లు. తోపుడు బళ్ళ మీద కూడా అమ్మేవారు. గుర్రాలవే వందల్లో ఉన్నాయి. కరియర్‌కి స్వయంగా వేగంగా పోయే గుర్రాలంటే మోజు.

బాటసారి గారికి పనికొచ్చేది అడ్రసు. కేవలం ఎన్. కరియర్ అని ఉంటే 1857కి ముందుది. ఇద్దరి పేర్లూ ఉండి 152 నాస్సా స్ట్రీట్ అంటే 1857 నుంచి 1870ల మొదటి వరకు. తర్వాత అదే వీధిలో 125కీ, 123కీ, ఆపైన 115కీ మారారు. కాబట్టి మీ గుర్రం గోల్డ్‌స్మిత్ మెయిడ్ 2:14 కాదు, మాడ్ ఎస్. అసలే కాదు.

బాటసారి_ఎన్జే

ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయాను, పనికొస్తుందేమో. గుర్రం నాలుగు కాళ్ళూ కింద తెల్లగా ఉన్నాయి, మేజోళ్ళు తొడిగినట్టు. మొహం మీద నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లటి పట్టీ ఉంది.

గోషెన్_దారి

పంచకల్యాణి! నాలుగు కాళ్ళూ తెలుపు, మొహం తెలుపు. 152 నాస్సా స్ట్రీట్, ముదురు గోధుమ. చెల్లెమ్మా, అది డెక్స్‌టర్ అయి ఉండాలి. అట్ట ఎత్తి డెక్స్‌టర్ పేరు, తోలినవాడి పేరు బడ్ డోబుల్ ఉన్నాయేమో చూడు.

మన దగ్గర పంచకల్యాణి అంటే శుభం, రాజుల గుర్రం, జానపద కథల్లో రాజకుమారుడు ఎక్కేది అదే. ఇక్కడివాళ్ళకి సరిగ్గా ఎదురు. ఒక కాలు తెల్లగా ఉంటే కొను, నాలుగూ తెల్లగా ఉండి ముక్కు కూడా తెల్లగా ఉంటే కాకులకి పడెయ్ అని అర్థం వచ్చే పాత పద్యం ఒకటి గుర్రాలవాళ్ళ నోళ్ళలో ఉంది. తెల్ల డెక్క మెత్తన అని వాళ్ళ నమ్మకం. అలాంటి లక్షణాలున్న గుర్రం 1867లో బఫెలోలో 2:17¼ చేసి ఫ్లోరా టెంపుల్ రికార్డు కొట్టింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. న్యూయార్క్ లెడ్జర్ పత్రిక అధిపతి రాబర్ట్ బానర్ దాన్ని 30 వేల డాలర్లకి పైగా పెట్టి కొనేశాడు. కొని పందేలు మాన్పించేశాడు. బానర్ నిష్ఠ గల ప్రెస్బిటేరియన్, పందెం కాయడు, డబ్బు కోసం తన గుర్రాన్ని పరిగెత్తించడు. సాయంత్రాలు తనే తోలుకునేవాడు, అంతే. 1884లో మాడ్ ఎస్.ని విలియం వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడి దగ్గర 40 వేలకి కొన్నదీ ఆయనే. విలియం తండ్రి కమొడోర్ వాండర్‌బిల్ట్‌దీ ఇదే పిచ్చి. హార్లెం లేన్‌లో పెద్దమనుషులు బళ్ళు తోలుకుంటున్న 1870 నాటి ప్రింటు ఒకటి ఉంది, దుమ్ము, టోపీలు, గుర్రాల నోటి నురుగు. ఆ హార్లెం లేన్ ఇప్పుడు సెయింట్ నికొలస్ ఎవెన్యూ.

బాటసారి_ఎన్జే

అట్ట అంటుకుని లేదు, ఎత్తాను. డెక్స్‌టర్. బడ్ డోబుల్ పేరు కూడా ఉంది. చేతులు వణుకుతున్నాయి.

నాన్నకి పంచకల్యాణి అని చెబితే ఫోన్‌లో చప్పట్లు కొట్టారు.

నల్లకలువ

మంచి చర్చ జరుగుతోంది, మధ్యలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. కరియర్ అండ్ ఐవ్స్ అని వెతుకుతూ వెళ్ళే ప్రతి ఒక్కరికీ డార్క్‌టౌన్ కామిక్స్ అనే వరస ఎదురవుతుంది. ముఖ్యంగా 1880లు, 90లలో వేశారు. నల్లజాతి వాళ్ళని మనుషుల్లా కాకుండా పెద్ద పెదాలు, వంకర కాళ్ళతో, ఏ పని చేసినా పడిపోయేవాళ్ళుగా, తెలివి లేనివాళ్ళుగా గీసిన బొమ్మలు. అందులో గుర్రప్పందేల మీదవి కూడా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గీసింది థామస్ వర్త్. ఇంతకు ముందు పైన మెచ్చుకుంటూ పేరు చెప్పిన మనిషే. అందులో ఒక్క ప్రింటే 73,000 కాపీలు అమ్ముడైందని చెబుతారు.

నిజానికి గుర్రపుశాలల్లో ఆ గుర్రాల్ని పెంచి, తోమి, నడిపించినవాళ్ళలో చాలామంది నల్లజాతి వాళ్ళు. దౌడు పందేల్లో అయితే పేరున్న జాకీలే వాళ్ళు, 1875లో మొదటి కెంటకీ డెర్బీ గెలిచిన ఆలివర్ లూయిస్ నల్లజాతి జాకీ. అదే దేశంలో, అదే కాలంలో, ఆ మనుషుల్నే నవ్వులాటకి ముడిసరుకు చేశారు. ఇళ్ళల్లో పిల్లల ముందు గోడలకి తగిలించారు. డెక్స్‌టర్ బొమ్మ అందం ఒప్పుకుంటాను. కానీ అదే కార్ఖానా, అదే రాళ్ళు, అదే బల్ల.

రాయిముద్ర

మీరు చెప్పాల్సిన మాటే చెప్పారు. నేను మెచ్చుకున్నది పనితనాన్ని. ఆ పనితనమే ఆ బొమ్మలకీ వాడారు, అది మర్చిపోకూడదు. ఆ వరస నేను ఒకసారి చూశాను, రెండోసారి చూడలేకపోయాను.

చరిత్ర_పిచ్చి

నిజం. ఒకటి గమనించండి, ట్రాటింగ్ ప్రింట్లలో గుర్రాన్ని గీసేటప్పుడు ఒక్కో మచ్చ, ఒక్కో కండరం కొలిచినట్టు గీశారు. ఆ గుర్రం చూసినవాడు పోల్చుకోవాలి, లేకపోతే ప్రింటు అమ్ముడవదు. అదే సంస్థ నల్లజాతి మనిషి మొహాన్ని గీసేటప్పుడు ఆ శ్రద్ధలో పదో వంతు కూడా పెట్టలేదు. ఇన్నేళ్ళు వీటిని చదువుతూ నేనీ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. నల్లకలువ గారికి కృతజ్ఞతలు.

గోషెన్_దారి

నేనుండేది న్యూయార్క్ రాష్ట్రంలో ఆరెంజ్ కౌంటీలో. ఇక్కడ గోషెన్ అనే చిన్న ఊళ్ళో ట్రాటింగ్ ట్రాక్ ఉంది, 1838 నుంచీ ఉంది. పక్కనే హార్నెస్ రేసింగ్ (బండికి కట్టిన గుర్రాల పందెం) మ్యూజియం. పాత గుర్రపుశాలనే మ్యూజియం చేశారు. ఈ ప్రింట్లు గోడల మీద చూడొచ్చు.

పక్క ఊరు చెస్టర్. డెక్స్‌టర్ తండ్రి హాంబుల్‌టోనియన్ అక్కడిదే, 1849లో పుట్టింది. విలియం రిస్డిక్ అని పొలంలో కూలికి పనిచేసే మనిషి, తల్లినీ పిల్లనీ కలిపి 125 డాలర్లకి కొన్నాడు. ఆ పిల్లకి తర్వాత 1,331 పిల్లలు పుట్టాయి. ఈ రోజు అమెరికాలో ట్రాట్ చేసే స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలు దాదాపు అన్నిటి వంశం దాని దగ్గరికే వెళ్తుంది. స్టాండర్డ్ అన్న మాట ఎక్కడిది అంటే, 1879లో పెంపకందార్లు ఒక కొలత పెట్టుకున్నారు, మైలు 2:30 లోపు ట్రాట్ చేయగలగాలి అని. లేడీ సఫోక్ 1845లో దాటిన గీత అదే.

బాటసారి చెల్లెమ్మా, నీ పేరు చివర ఎన్జే ఉంది, అంటే న్యూజెర్సీయే కదా. ఆ గుర్రం పేరు మీద నడిచే హాంబుల్‌టోనియన్ పందెం 1981 నుంచి మీ మెడోలాండ్స్ ట్రాక్‌లోనే ప్రతి ఆగస్టులో జరుగుతుంది. నేను ఐదేళ్ళుగా వెళ్తున్నాను. కంచె దగ్గర నిలబడు, బళ్ళు మలుపు తిరిగి వచ్చేటప్పుడు నేల అదురుతుంది. తోలేవాళ్ళ అరుపులు, చక్రాల సవ్వడి, ఆ రెండేసి దెబ్బలు.

కెమెరా_కన్ను

ఇప్పటి బళ్ళ చక్రాలు చిన్నవి కదా? టీవీలో చూసినట్టు గుర్తు.

గోషెన్_దారి

అవును, సైకిల్ చక్రాలు. 1892లో మారిపోయింది. అంతకుముందు మనిషి ఛాతీ దాకా వచ్చే ఎత్తు చక్రాలు. ఆ ఏడాది గాలి టైర్లు, బాల్ బేరింగులతో చిన్న చక్రాల సల్కీ వచ్చింది, అదే ఏడాది నాన్సీ హాంక్స్ అనే గుర్రం 2:04 చేసింది. మాడ్ ఎస్. ఎత్తు చక్రాలతో 2:08¾ చేసింది. ఏది గొప్ప అని అప్పటివాళ్ళు చాలా వాదించుకున్నారు. నన్నడిగితే మాడ్ ఎస్. అంటాను. ఆ బరువు, ఆ గాలి ఎదురు, అన్నీ తట్టుకుని గంటకి 45 కిలోమీటర్ల వేగం. ప్రింట్ల తేదీ పోల్చుకోవడానికి కూడా ఈ చక్రమే గుర్తు, చిన్న చక్రాలు కనిపిస్తే 1892దో ఆ తర్వాతిదో.

పశువైద్యం_తెనాలి

నేను నాన్సీ హాంక్స్ వైపు. ట్రాక్, బండి మారినా ఆ అడుగు వేసింది గుర్రమే కదా.

బాటసారి_ఎన్జే

భూతద్దం వచ్చింది. రాయిముద్ర గారు చెప్పినట్టే గుర్రం మెడ దగ్గర చూశాను.

చుక్కలు. వరసగా, ఒకే ఎడంతో. గడ్డి దగ్గర, ఆకాశం దగ్గర, డోబుల్ టోపీ మీద, అన్నిచోట్లా చుక్కలే. వెనక తిప్పి చూస్తే కాగితం నున్నగా, తెల్లగా ఉంది, క్యాలెండర్ కాగితమే అనుకుంటా. ఒక గంట సేపు మనసు బాగాలేదు, దాచుకోకుండా చెబుతున్నాను.

తర్వాత మళ్ళీ భూతద్దం తీసుకుని చూస్తూ కూర్చున్నాను. వెనక ఎడమకాలి దగ్గర, తెల్ల మేజోడు పైన, గోధుమ రంగు గీత దాటి తెలుపులోకి ఒక చిన్న నాలుకలా జారి ఉంది. చుక్కల్లోనే ఉంది అది కూడా. అంటే ఈ నకలు తీసిన అసలు కాగితం మీద ఎవరో ఒకామె కుంచె అక్కడ జారింది, అంతేనా రాయిముద్ర గారూ?

రాయిముద్ర

అంతే అక్కా. కెమెరా ఆ జారుడుతో సహా పట్టుకుంది. గోధుమరంగు వేసే ఆమె చెయ్యి అది.

గోషెన్_దారి

అసలుది చూడాలనుంటే గోషెన్ రా చెల్లెమ్మా, మా ఇంట్లో భోజనం. మే నుంచి వాతావరణం బాగుంటుంది.

బాటసారి_ఎన్జే

తప్పకుండా అన్నయ్యా. నాన్న మే రెండో వారంలో వస్తున్నారు, ఆయన్ని కూడా తీసుకొస్తాను. ఎత్తు చక్రాల సల్కీ నిజంది అక్కడ ఉంటే చెప్పండి, జట్కా చక్రం పక్కన అది ఎంతుంటుందో కొలుస్తానని ఇప్పటి నుంచే టేపు సర్దుకుంటున్నారు.